బాయిలర్ కింద పరుపు

మొన్న హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు వైపు తిరిగాక మా బస్సు ముప్పావు గంట కదల్లేదు. ముందు ఒక పెద్ద ట్రైలర్ మలుపు తిరగలేక అవస్థ పడుతోంది. దాని మీద ఇల్లంత ట్రాన్స్‌ఫార్మర్. బస్సులో సగం మంది దిగి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు, మిగతా సగం మంది కూర్చున్న చోటి నుంచే ఆ ట్రైలర్ డ్రైవర్‌ని తిడుతున్నారు. నేను మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్ అడుగున ఏం వేశారో చూడబోయాను. పక్క సీటు కుర్రాడు "ఏం కావాలి పిన్నిగారూ?" అన్నాడు. "దాని కింద ఏం పరిచారో నీకేమైనా కనిపిస్తోందా బాబూ?" అని అడిగాను. వాడు నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ ఫోన్లో పడ్డాడు. అరవై దాటిన ఆడమనిషికి ట్రైలర్ మీద సామాను సంగతి ఎందుకని వాడి అనుమానం కాబోలు. చెబితే పెద్ద కథ. సగంలో బస్సు కదులుతుందని ఊరుకున్నాను. ఇక్కడ ఆ భయం లేదు కనుక చెబుతున్నాను.

మాది ఆగిరిపల్లి పక్కన చిన్న ఊరు. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో అందరి ఒంటి మీదా ఒకటే వాసన, మామిడి జీడి, వరిగడ్డి, చెమట కలిసిన వాసన. ఎన్ని చెంబులు పోసుకున్నా వర్షాలు పడేదాకా అది వదిలేది కాదు. మా అమ్మ తోట షెడ్డులో కాయలు బుట్టలకెత్తే ఆడవాళ్ళకు పెద్ద. ఆవిడ ఎదురుగా షావుకారు కూడా గొంతు పెంచేవాడు కాదు. బుట్ట అడుగున గడ్డి పరిచిన తీరు చూసి అమ్మ మనుషుల్ని అంచనా వేసేది. "ఆ పిల్ల పరుపు చూడండే, కాకి గూడు. దాని కాపురం కూడా అట్టాగే ఏడుస్తది" అనేది. మిగతావాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆ పిల్ల కూడా నవ్వేది, పాపం ఏం చేస్తుంది.

నా పరుపుకి మాత్రం అమ్మ వంక పెట్టలేకపోయేది. గడ్డి దులిపి, కణుపులు విరిచి, అరచేత్తో అణిచి, అంచుల్లో కాస్త ఎత్తుగా, నడుమ కాస్త గుంటగా పరిచేదాన్ని. నా బుట్టలో పెట్టిన చిన్నరసం పండు ఎంత దూరం వెళ్ళినా మచ్చపడదని షెడ్డులో చెప్పుకునేవారు. పధ్నాలుగేళ్ళకే ఆ పేరు వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. అంత పేరున్న నేనే, ఎవరూ చూడనప్పుడు పండు ముచ్చిక దగ్గర చిన్న కన్నం చేసి, రసమంతా పీల్చి, ఆ తొక్కలోకి గాలి ఊది మళ్ళీ బుట్టలో పెట్టేదాన్ని. పైకి నిండు పండులా ఉండేది. ఏ ఊళ్ళో ఎవరు కొనుక్కుని నన్ను ఎన్ని తిట్లు తిట్టారో తెలియదు, ఇప్పుడైనా వాళ్ళకు దణ్ణం పెట్టుకుంటున్నాను.

మా నాన్నది వేరే పని. ఆయన లోడింగ్ మేస్త్రీ. ఇంజన్లు, దుంగలు, ఇనుప పైపులు, మిల్లు సామాన్లు, ఏదైనా సరే ఎడ్లబండికి, లారీకి లొంగని బరువును పక్క గోడల్లేని ట్రైలర్ మీదకు ఎత్తి, గొలుసులతో కట్టి పంపడం ఆయన పని. కొత్త సామాను ఎదురైతే నాన్న ముందు ఏమీ మాట్లాడేవాడు కాదు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒకచోట చెయ్యి వేసి, "దీని బరువంతా ఇక్కడుంది" అనేవాడు. అది ఎప్పుడూ నిజమయ్యేది. ఆయనకొక నియమం ఉండేది. లోడు కట్టి బండి కదిలాక, ఒక బీడీ కాలేంత దూరం పోయి ఆగాలి. దిగి గొలుసులన్నీ ఇనుప కడ్డీతో కొట్టి చూడాలి. బిగిసి ఉన్న గొలుసు ఖంగుమంటుంది. వదులైంది డబ్బుమంటుంది. "కట్టేటప్పుడు బరువు మనల్ని మోసం చేస్తది. కదిలాక గానీ దాని బుద్ధి బయటపడదు" అనేవాడు.

అలాంటి మనిషి కట్టిన నూర్పిడి మిషన్ ఒకసారి మలుపులో ట్రైలర్ మీంచి జారి కాలవలో పడింది. మనుషులకు ఏమీ కాలేదు కానీ మిషన్ ముక్కలైంది. "ఆగాల్సిన చోట డ్రైవర్ ఆపలేదు" అని నాన్న చెప్పుకున్నాడు. ఎవరూ వినలేదు. జారుడు మేస్త్రీ అని పేరు పెట్టారు. ఆయన కింద పనిచేసే నలుగురి ముఠా ఎటు వాళ్ళు అటు పోయారు. నాన్న గొలుసులు అటక మీద పడేసి, అమ్మ షెడ్డులో బుట్టలు మోయడానికి వచ్చాడు. పెళ్ళాం అజమాయిషీలో పని చేయడం ఆయనకూ కష్టమే, మొగుడికి పని పురమాయించడం అమ్మకూ కష్టమే. ఇద్దరూ ఇంట్లో కూడా మాట తగ్గించారు. అలా రెండు వేసవులు గడిచాయి. నాన్న అంతకుముందే నెమ్మదస్తుడు, ఆ రెండేళ్ళలో గొంతు ఉందా లేదా అన్నట్టు తయారయ్యాడు.

మూడో వేసవిలో ఒకరోజు షెడ్డు ముందు జీపు ఆగింది. దిగింది టీచరమ్మ గారు. నాన్నకు చిన్నప్పుడు చదువు చెప్పిన ఆవిడ, రిటైరై ముసునూరు దగ్గర తన పొలంలో మామిడి గుజ్జు తీసే షెడ్డు కట్టిస్తున్నారు. గాలికి రాలిన కలెక్టరు రకం మామిడికాయ ప్రతి ఏడూ తోటల్లో కుళ్ళిపోతుంటే చూడలేకపోయానని అందరితో చెప్పేవారు. తెల్లచీర, చేతికి గడియారం, ఆదివారం చర్చికి వెళ్ళినా అదే జీపు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల జీపు తోలే ఆడమనిషి ఆవిడొక్కరే.

"ఏరా అబ్బాయ్, బుట్టలు మోస్తున్నావంట?"

"అవునండీ" అన్నాడు నాన్న, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని.

"బాపులపాడు దగ్గర మూతపడ్డ ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ కొన్నాను. మా షెడ్డుకి చేర్చాలి. నువ్వు కట్టు."

"నా సంగతి తమరికి తెలీదాండీ?"

"ఎందుకు తెలీదు. ఎక్కాలు తప్పు చెప్పినప్పుడు నిన్ను బళ్ళోంచి పంపించేశానా? మళ్ళీ చెప్పమన్నాను. ఇదీ అంతే." జీపు ఎక్కబోతూ ఆగారు. "ఉన్నమాట చెబుతున్నా విను. ఇది కూడా జారిందనుకో, నిన్నిక ఎవరూ పిలవరు. నేను కూడా పిలవలేను."

ఆ సాయంత్రం నాన్న అటక ఎక్కి గొలుసులు దింపాడు. కిరసనాయిలు గుడ్డతో ఒక్కో లింకే తుడుస్తూ కూర్చున్నాడు. అమ్మ పప్పులో మామిడికాయ వేసి తాలింపు పెడుతూ, ఊరికే ఆయన వైపు చూస్తోంది. చాలా రోజుల తర్వాత ఆవిడే మాట కలిపింది. "మనుషులెవరున్నారు?"

"ఇద్దరొస్తామన్నారు."

"సెలవులేగా, దీన్ని కూడా తీసుకెళ్ళండి. గోతాలైనా తడుపుద్ది."

"ఆడపిల్ల అక్కడేం చేస్తదే?"

"ఇక్కడ నేనేం చేస్తన్నానో అదే చేస్తది" అంది అమ్మ. నాన్న మళ్ళీ గొలుసు తుడవడంలో పడ్డాడు.

మిల్లు ఆవరణ ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టు ఉంది. మూతపడి ఎన్నాళ్ళయినా ఉడికిన వడ్ల వాసన గోడల్లోంచి వస్తూనే ఉంది. ఒక మూల వరిగడ్డి వామి. నడుమ పైన కలిపి ముక్కాలిలా నిలబెట్టిన మూడు ఇనుప స్తంభాలు, వాటి నుంచి వేలాడే చైన్ కప్పీ, దాని కింద తుప్పు రంగు బాయిలర్. నిండు చూడి గేదె పడుకున్నట్టు ఉంది. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పొట్ట కాస్త వెనకగా చెయ్యి వేసి, తనలో తను తల ఊపుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఆయన ముఖంలో ఆ చూపు కనిపించి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బాయిలర్ గుండ్రంగా ఉంటుంది కనుక దొర్లకుండా రెండు పెద్ద చెక్క దిమ్మెలు ట్రైలర్ మీద బిగించారు. బాయిలర్ పొట్ట ఆనేలా వడ్రంగి వాటికి పైన పల్లం చెక్కాడు. నాన్న నన్ను పిలిచి గోతాల కట్ట ఇచ్చాడు.

"ఈ పల్లాల్లో తడి గోతం రెండు మడతలు వెయ్యి. అంతే. అర్థమైందా?"

"అయింది నాన్నా."

అర్థమైంది, కానీ నచ్చలేదు. రెండు మడతల గోతం మీద అంత ఇనుమా! అమ్మ చూస్తే పచ్చడి కాయను కూడా అలా పెట్టనివ్వదు. పోయినసారి మిషన్ ముక్కలై నాన్న ఈ గతికి వచ్చాడు, ఈసారి బాయిలర్‌కి గీత కూడా పడకూడదు అనుకున్నాను. అక్కడే గడ్డివామి ఉంది. చేతిలో నా పనితనం ఉంది. నాన్న, ఇద్దరు మనుషులూ కప్పీ దగ్గర ఉండగా, నేను గడ్డి దులిపి, కణుపులు విరిచి, గోతాల మధ్య నాలుగు వేళ్ళ మందాన పరిచి, దబ్బనంతో మూతులు కుట్టేశాను. పల్లాల్లో సరిగ్గా అమర్చి పైన బిందెడు నీళ్ళు పోశాను. చూస్తే తడి గోతం లాగే ఉంది. నా జీవితంలో అంత మంచి పరుపు నేను ముందెప్పుడూ కుట్టలేదు. లోడు చేరాక చెప్పి నాన్నను మురిపించాలనుకున్నాను.

ఎత్తేముందు అన్నాలు తిన్నాం. ఆవకాయ కలిపిన ముద్ద అందరికీ చేతుల్లో పెట్టాను. నాన్న మాత్రం రెండు ముద్దలు తిని లేచిపోయాడు. తర్వాత "ఐలెస్సా" అని ఒకరంటే "హైలెస్సా" అని ఇద్దరు, కప్పీ గొలుసు కిరకిరా, బాయిలర్ జానెడు జానెడుగా లేచింది. ట్రైలర్‌ని వెనక్కి తీసి కిందకు తెచ్చారు. నా పరుపుల మీద అది మెత్తగా దిగింది. చప్పుడే కాలేదు. "ఎంత బాగా దిగింది మేస్త్రీ!" అన్నాడు ఒకతను. నేను లోలోపల పొంగిపోయాను.

నాన్న నాలుగు గొలుసులు వేసి, మర తిప్పి బిగించి, కడ్డీతో కొట్టాడు. నాలుగూ ఖంగుమన్నాయి. ట్రైలర్ డ్రైవర్ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నాన్న కొబ్బరికాయ కొట్టాడు. అప్పటికే జీపులో వచ్చి, అదయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ టీచరమ్మ గారు, అప్పుడు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. ఇన్ని పూజలు ఒక బాయిలర్‌కి ఎక్కువేనని డ్రైవర్ గొణిగాడు. అతనికి ఎక్కడికో తొందర.

నాన్న ముందు కేబిన్‌లో ఎక్కి బీడీ వెలిగించాడు. నేను వెనక జీపులో టీచరమ్మ గారి పక్కన. మా వెనక మామిడిపండ్ల లారీలు రెండు. మార్కెట్ వేళ దాటిపోతోందని ఒకటే హారన్లు. ట్రైలర్ మనిషి పరుగెత్తినంత వేగం కూడా పోవడం లేదు. కాసేపటికి కేబిన్ కిటికీలోంచి బీడీ ముక్క బయటపడింది. ఇప్పుడు ఆగాలి. ఆగలేదు.

ముందు తూము ఉంది. ఆ తూము దగ్గర రోడ్డు మిట్టెక్కి, వెంటనే పక్కకు తిరిగి, పల్లంలోకి దిగుతుంది. రెండు వైపులా కాలవ. మా ప్రాంతంలో బండి తోలే ప్రతివాడూ ఆ మలుపును తిట్టుకున్నవాడే.

సరిగ్గా అప్పుడు దిమ్మె సందులోంచి ఒక గడ్డిపోచ ఎగిరి జీపు అద్దానికి అంటుకుంది. తర్వాత ఇంకొకటి. నేను కళ్ళు చిట్లించి చూశాను. నా పరుపులు అప్పడాల్లా అణిగిపోయాయి. పరుపు అణిగితే బాయిలర్ కిందికి దిగింది. బాయిలర్ దిగితే గొలుసులు వదులయ్యాయి. వెనక గొలుసు చీర ఆరేసే తాడులా ఊగుతోంది. అంతా ఒక్కసారిగా అర్థమైంది.

వెంటనే నోరు విప్పానని చెప్పుకోవాలని ఉంటుంది. విప్పలేదు. చెబితే నాన్న కట్టిన లోడు మళ్ళీ వదులైందని ఈవిడకు తెలిసిపోతుంది. "నేను కూడా పిలవలేను" అన్న మాట చెవుల్లో మోగుతోంది. ఒకవేళ ఆ మలుపు ఎలాగో దాటేస్తే ఎవరికీ తెలియదు కదా అని కూడా అనుకున్నాను. అంత పిరికి ఆలోచన నా బుర్రలోకి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అప్పుడు బాయిలర్ ఒక్కసారి కదిలింది. కొంచెమే.

"అమ్మగారూ, ఆపించండి! కింద గడ్డి పెట్టాను, నేనే పెట్టాను!"

ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా హారన్ మీద చెయ్యి పెట్టారు. అప్పటికే మోగుతున్న హారన్లలో ఇదొకటి, డ్రైవర్ లెక్కచేయలేదు. నేను జీపులోంచి దూకి పరుగెత్తాను. ఆ ట్రైలర్ పక్కన, ఆ బాయిలర్ నీడలో పరుగెత్తడం ఎంత బుద్ధి తక్కువ పనో తర్వాత టీచరమ్మ గారు నాకు వివరంగా చెప్పారు. కేబిన్ తలుపు మీద రెండు చేతులతో బాదాను. "నాన్నా! గొలుసు వదులైంది నాన్నా!"

తూముకు ఇరవై అడుగుల దూరంలో బండి ఆగింది.

నాన్న దిగి కడ్డీతో గొలుసు కొట్టాడు. డబ్బుమంది. బాయిలర్ తన చోటి నుంచి బెత్తెడు పక్కకు జరిగి ఉంది. ఆయన దిమ్మె సందులో వేళ్ళు పెట్టి గుప్పెడు గడ్డి బయటకు లాగాడు. డ్రైవర్, మనుషులిద్దరూ, లారీల వాళ్ళూ చుట్టూ మూగారు.

"నేను అప్పుడే అనుకున్నా. జారుడు మేస్త్రీ చేత కట్టిస్తే ఇంతే మరి" అన్నాడు డ్రైవర్.

"నాన్నది కాదు. నేను పెట్టాను. గీతలు పడకూడదని పెట్టాను" అని ఏడుస్తున్నాను. నాన్న నన్ను తిట్టలేదు. ఆ గడ్డిని అలా చూస్తూ, "కుట్టు మాత్రం బాగా కుట్టావే అమ్మడూ" అన్నాడు నెమ్మదిగా. తర్వాత టీచరమ్మ గారి వైపు తిరిగాడు.

"పిల్ల తెలీక పెట్టిందండీ. ఎత్తేముందు నా చెయ్యి పెట్టి చూసుకోవాల్సింది నేను. చూడలా. బీడీ అయిపోయాక ఆపమన్నాను, తూము దాటాక ఆపుతానన్నాడు. సరేలే అని ఊరుకున్నా." చేతిలోని గడ్డి కింద పడేశాడు. "ఆ రోజు మిషన్ పడినప్పుడూ అంతేనండీ. డ్రైవర్ ఆపలేదని రెండేళ్ళ నుంచి అందరికీ చెప్పుకుంటన్నా. గట్టిగా ఆపమని నేననలేదు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు."

వెనక లారీ హారన్ ఆగింది. టీచరమ్మ గారు కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇప్పుడు అను" అన్నారు.

నాన్న ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత డ్రైవర్ వైపు తిరిగాడు. "బండి తాళం ఇటియ్యి. నేను కదలమనేదాకా ఈ బండి కదలదు." ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. డ్రైవర్ తాళం తీసి ఇచ్చేశాడు.

ఆ తర్వాత జరిగింది పెద్ద సంబరమే. జాకీలు పెట్టి బాయిలర్‌ని వేలెడు ఎత్తారు. నా పరుపులు లాగి పారేశారు. నేను కాలవలోకి దిగి గోతాలు ముంచి తెచ్చాను. మార్కెట్ పోతోందని గోల పెట్టిన లారీల వాళ్ళే చొక్కాలు విప్పి గునపాలు పట్టారు. "ఐలెస్సా" అని ఇంతమంది అనడం నేనెప్పుడూ వినలేదు. దిమ్మెలకు అటూ ఇటూ అడ్డు చెక్కలు కొట్టి, గొలుసులు ఈసారి ఎదురూ బొదురూ వేసి బిగించాడు నాన్న. పని మధ్యలో లారీవాళ్ళు పండ్లు దింపి అందరికీ పంచారు. మోచేతుల దాకా కారే రసంతోనే మళ్ళీ గునపాలు పట్టారు. తూము దాటాక నాన్న బండి ఆపించాడు. మళ్ళీ ఒక బీడీ దూరంలో ఆపించాడు. పొద్దు వాలే వేళకు ముసునూరు చేరాం. దించేటప్పుడు చూస్తే తుప్పు మీద ఒక కొత్త గీత కూడా లేదు.

నెల తిరగకుండానే ఆ షెడ్డులో ఆవిరి లేచింది. రాలిన కలెక్టరు కాయ బళ్ళ మీద వచ్చేది. మరిగే గుజ్జు వాసన రోడ్డు మీదకు కొట్టేది. మా అమ్మ షెడ్డులోని ఆడవాళ్ళకు కాయల కాలం అయిపోయాక కూడా అక్కడ పని దొరికింది. తూము దగ్గర సంగతి ఆ లారీవాళ్ళ నోటనే ఊరూరా పాకింది. తప్పు ఒప్పుకున్న మేస్త్రీ అని కొందరు నవ్వారు కూడా. కానీ బరువు పని ఉన్నవాళ్ళు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చారు. నాన్న చేతులు ఆడినన్నాళ్ళూ కడుతూనే ఉన్నాడు. ఆ బాయిలర్ ఎప్పుడో పాత ఇనుముకు పోయింది, టీచరమ్మ గారూ లేరు, నాన్నా లేడు. వాళ్ళిద్దరినీ తలుచుకుంటే నాకు దిగులు కన్నా ధైర్యమే ఎక్కువ కలుగుతుంది.

అన్నింటికన్నా గుర్తుండిపోయింది మాత్రం బాయిలర్ చేరిన మరుసటి వారం. టీచరమ్మ గారు గుజ్జు నిల్వ చేసే పెద్ద ట్యాంకులు రెండు తెచ్చి పెట్టమని మళ్ళీ నాన్ననే పిలిచారు. నేను ఇంట్లోనే ఉండిపోతానన్నాను. నాన్న వినలేదు. ట్రైలర్ దగ్గర నిలబెట్టి గోతాల కట్ట చేతికిచ్చి, ముందు చెప్పిన మాటే చెప్పాడు. "తడి గోతం రెండు మడతలు. అంతే."

చెప్పినట్టే పరిచాను. పరిచి పక్కకు తప్పుకున్నాను. నాన్న వచ్చి ఒక్కో దిమ్మె దగ్గరా వంగి, గోతం అంచు ఎత్తి, అరచెయ్యి లోపలికి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూశాడు.

"కూతుర్ని కూడా నమ్మవా మేస్త్రీ?" అన్నాడు ముఠాలో ఒకతను, నేను చిన్నబుచ్చుకుంటానేమోనని.

"కూతురైతే ముద్దు చేసి ఇంటికి పంపేవాణ్ణిరా. మన ముఠా మనిషి. చూడొద్దూ?" అన్నాడు నాన్న. నిటారుగా నిలబడి, తడి చేతులు పంచెకు తుడుచుకుని, ఆ కొత్త గొంతుతో కేకేశాడు.

"బాగుంది. ఎత్తండ్రా!"